ఫొటోకి ఫొటో

కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ 2025 జూలైలో రాష్ట్రాలకు ఒక సర్క్యులర్ పంపింది. సర్కారు కాగితాల్లో ఇంత హాస్యం ఈమధ్య చదవలేదు. ఉపాధి హామీ పనుల్లో హాజరు వేసే యాప్‌ని ఊళ్లలో ఎన్నెన్ని రకాలుగా ఏమారుస్తున్నారో అందులో వరసపెట్టి రాశారు. పనితో సంబంధం లేని ఫొటోలు ఎక్కించడం. మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, ఆడవాళ్ల పేర్లుంటే ఫొటోలో మగవాళ్లు నిలబడటం. అవే మొహాలు రెండు మూడు మస్టర్లలో కనబడటం. నాకు బాగా నచ్చింది మాత్రం, ఎప్పుడో తీసిన ఫొటోకి మళ్లీ ఫొటో తీసి పంపడం. అలా పంపినా పని జరిగినట్టే లెక్క పడింది మరి!

యాప్ రాకముందు కొలత లేదని కాదు. ఈ పథకం మొదలైందే మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. కరువు పనికి కూలి కట్టేదే కొలతల మీద. గొయ్యి పొడవు, వెడల్పు, లోతు టేపు పెట్టి చూస్తారు, మెత్తనేలా గట్టినేలా అని చూస్తారు, ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలో ఎక్కిస్తారు. తవ్వేటప్పుడు మధ్యలో కాస్త మట్టిదిమ్మ కదపకుండా వదిలేస్తారు, ఎంత లోతు దిగారో అదే సాక్ష్యం. దిమ్మకి సిగ్నల్ అక్కర్లేదు, ఛార్జింగూ అక్కర్లేదు. దాంట్లోనూ దొంగలెక్కలు రాసిన మహానుభావులున్నారు. సామాజిక తనిఖీలో ఊరి మధ్య కూర్చోబెట్టి మస్టర్ చదివితే దొరికిపోయినవాళ్లూ ఉన్నారు.

2023 జనవరి 1 నుంచి యాప్ తప్పనిసరి అయింది. పొద్దున ఒక ఫొటో, నాలుగు గంటలయ్యాక ఇంకో ఫొటో. ఢిల్లీలో ఏసీ గదిలో వింటే సబబుగానే ఉంటుంది. ఎండాకాలం మనవైపు ఆరింటికల్లా గడ్డపార పట్టి, పదిలోపు తెముల్చుకుని ఇంటికి పోతారు. కూలీల హాజరు వేసే మేట్ చెరువుకట్ట మీద ఆ కొసా ఈ కొసా తిరిగి సిగ్నల్ పట్టి మొదటి ఫొటో ఎక్కించేసరికే ఏడున్నర.

"పనైపోయింది గదప్పా, ఇంటికి పోతాం."

"రెండో ఫొటో పడాల పెద్దమ్మా. పదకొండున్నర దాకా ఉండండి."

"ఉండి ఏం జెయ్యాల?"

"ఉండాల, అంతే."

ఆ 'ఉండాల' అన్నదే ఇప్పుడు ఉత్పాదకత. సర్వర్ మొరాయించి ఫొటో ఎక్కకపోతే, తవ్విన గొయ్యి కళ్లెదుట నోరు తెరుచుకుని ఉన్నా ఆ రోజు కూలికి ఎసరే.

మరి దొంగఫొటోలు బయటపడ్డాక ఏం చేయాలి? టేపూ, తనిఖీ సభా గట్టిగా నడపాలనుకోవడం మీబోటి నాబోటి పామరుల ఆలోచన. పంచాయతీ స్థాయిలో నూటికి నూరు ఫొటోలూ మనుషులే చూసి సరిపోల్చాలని ఆ సర్క్యులర్‌లోనే సెలవిచ్చారు. ఆపైన మండలం, జిల్లా, రాష్ట్రం ఎవరి వాటా ఫొటోలు వాళ్లు చూడాలి. మనుషుల్ని నమ్మలేక యాప్ పెట్టినవారే, యాప్‌ని నమ్మలేక అదే మనుషుల్ని పిలిచి కూర్చోబెట్టారు. ఈ ఫొటోల పిచ్చి ఉపాధి పనులకే కాదు, ఆంధ్రలో బడిపంతుళ్లు కొన్నాళ్లు మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో పెట్టారు కదా. పిల్లలకి ఎక్కాలు వచ్చాయో లేదో ఫొటోలో పడదు, మరుగుదొడ్డి పడుతుంది.

పని ఎంత జరిగిందో కొలవాల్సిన ఈ తలనొప్పికి జీడీపీ లెక్కగట్టే పెద్దలు ఎప్పుడో మందు కనిపెట్టారు. ప్రభుత్వ ఆఫీసు తన పనిని బజార్లో అమ్మదు గనక దానికి ధర లేదు. అందుకని ఆఫీసుకి ఎంత ఖర్చయితే అంతా ఉత్పత్తేనని రాసుకుంటారు. అందులో పెద్ద వాటా జీతాలే. ఆనాటి ధరల్లో చూస్తే, పీఆర్సీ వచ్చి జీతాలు పెరిగిన ఏడు మీ తహసీల్దారు ఆఫీసు ఉత్పత్తి పెరిగినట్టే, మీ పాస్‌బుక్ వచ్చినా రాకపోయినా. బ్రిటన్‌వాళ్లకి ఇలాంటి లెక్క మింగుడుపడక అట్కిన్సన్ అనే ఆర్థికవేత్త చేత 2005లో పెద్ద నివేదికే రాయించుకున్నారు, అందిన సేవల్ని నేరుగా ఎలా లెక్కపెట్టాలా అని. మనకంత శ్రమ దేనికి?

ఫొటోలు చూసే సార్ల జీతాలు ఎలాగూ ఉత్పత్తి కింద జమ. కాకపోతే వాళ్లు నిజంగా చూస్తున్నారో, చూసినట్టు టిక్ పెడుతున్నారో తేలాలి. కుర్చీలో కూర్చున్నప్పుడొకటి, నాలుగు గంటలయ్యాక ఒకటి, వాళ్లకీ రెండు ఫొటోలు తీయించాలి. ఆ తీసేవాళ్ల పోస్టులు ఆర్థిక శాఖ త్వరగా మంజూరు చేస్తే ఈ ఏడు వృద్ధి రేటులోనే కలుపుకోవచ్చు.