వేగమే సంగీతమనుకున్న రోజులు

మెటల్ వినడం మొదలుపెట్టిన తొలి ఏళ్లలో నా దగ్గర ఒకే కొలబద్ద ఉండేది: వేగం. డ్రమ్మర్ రెండు కాళ్లూ డబుల్ బాస్ మీద ఎంత జోరుగా ఆడితే ఆ బ్యాండ్ అంత గొప్పది. స్లేయర్ 1986లో తెచ్చిన ‘రెయిన్ ఇన్ బ్లడ్’ నాకు వేదం. అందులో పది పాటలు, అన్నీ కలిపినా అరగంట నిండదు. ఇవాళ్టికీ అది నాకు ఇష్టమైన ఆల్బమే. దానితో మిగతా సంగీతాన్నంతా కొలవబోవడమే నా తెలివితక్కువతనం.

ఆ కొలతకు మొదట బలైంది బ్లాక్ సబ్బత్. ‘ఈడుస్తారు, పాతకాలం వాళ్లు’ అని పక్కన పెట్టేశాను. నేను పూజించిన బ్యాండ్లన్నీ ఎవరి దగ్గర పాఠం నేర్చుకున్నాయో తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

తర్వాత ఎప్పుడో ఆ సబ్బత్ గిటారిస్టు టోనీ అయోమీ కథ చదివాను. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేసే పదిహేడేళ్ల కుర్రాడు. ఉద్యోగం మానేసే రోజునే యంత్రంలో పడి కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం కాబట్టి గిటార్ తీగల్ని నొక్కాల్సింది ఆ వేళ్లతోనే. ఇక వాయించలేవన్నారు. ఫ్యాక్టరీలో పై అధికారి ఒకాయన జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించాడు. కాలిన చేతితో, ముఖ్యంగా రెండు వేళ్లతోనే సోలోలు వాయించిన మహానుభావుడాయన. అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, వాటిపై తోలు అతికించుకున్నాడు, సన్నని తీగలు కట్టుకున్నాడు. 1971 నాటి ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’కి వచ్చేసరికి కొన్ని పాటల్లో శ్రుతిని ఒకటిన్నర టోన్ కిందికి దించేశాడు. తీగ వదులైంది, నాదం లోతెక్కింది. ఈనాడు మెటల్ అంటే మనకు గుర్తొచ్చే ఆ బరువు చాలావరకు అక్కడి నుంచి వచ్చిందే.

అది చదివాక 1970 ఫిబ్రవరిలో వచ్చిన వాళ్ల తొలి ఆల్బమ్‌ను మొదటిసారి ఓపిగ్గా విన్నాను. బ్యాండ్ పేరుతోనే ఉన్న ఆ మొదటి పాటలో, తిరిగి తిరిగి వచ్చే గిటార్ వరుసకు మూడు స్వరాలే ఆధారం: షడ్జం, పై షడ్జం, ప్రతిమధ్యమం. వాటి మధ్య ఎంత ఖాళీ ఉందంటే, తర్వాతి స్వరం కోసం మనసు బిగబట్టుకుని ఎదురుచూస్తుంది. భయం పుట్టేది ఆ ఖాళీలోనే. సంగీతం నేర్చుకునే పిల్లలు మూడో కాలంలో వర్ణం పాడేసి గెలిచామనుకుంటారు. ఒకటో కాలంలో లయ నిలబెట్టడం ఎంత కష్టమో గురువుకే తెలుసు. నేను ఎన్నో ఏళ్లు ఆ మూడో కాలం పిల్లాడిగానే ఉండిపోయాను.

మెటాలికా విషయంలోనూ ఇదే చేశాను. 1991లో వచ్చిన నల్ల అట్ట ఆల్బమ్‌ను ‘అమ్ముడుపోయారు’ అంటూ తిట్టినవాళ్లలో నేనూ ఒకణ్ని. దానికి ముందరి ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’లోని పొడవాటి, చిక్కుముళ్ల పాటలను వేదికపై వాయించడం తమకే భారమైందని వాళ్లే చెప్పుకున్నారు. నిర్మాత బాబ్ రాక్‌తో కూర్చుని పాటల్ని కుదించారు, నెమ్మది చేశారు. ‘సాడ్ బట్ ట్రూ’ కోసం శ్రుతి ఒక టోన్ దించారు. అయోమీ వేసిన దారే అది. నేను అమ్మకం అనుకున్నది నిజానికి వాళ్లు మూలాల వైపు వేసిన అడుగు.

స్వీడన్ బ్యాండ్ ఓపెత్ 2003లో ‘డామ్నేషన్’ తెచ్చింది. గర్జన లేదు, గిటార్ల హోరు లేదు. సగం కూడా వినకుండా తీసిపారేశాను. ఇప్పుడు నిద్ర పట్టని రాత్రుల్లో నేను పెట్టుకునేది ఆ ఆల్బమే.

వీటన్నిటికన్నా నన్ను బాధపెట్టేది వేరే ఉంది. మా బాబాయి కొడుక్కి లింకిన్ పార్క్ అంటే ప్రాణం. ‘అన్నయ్యా, ఈ ఒక్క పాట విను’ అని ఇయర్‌ఫోన్ చేతికిచ్చాడు ఒకసారి. పల్లవి దాకా కూడా వినకుండా, ‘ఇది మెటల్ కాదురా, వింటే అసలైనవి విను’ అని తిరిగిచ్చేశాను. ఆ తర్వాత వాడు నాకు ఏ పాటా వినిపించలేదు. 2017 జూలైలో ఆ బ్యాండ్ గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్ ప్రాణం తీసుకున్నప్పుడు, వాళ్ల ఆల్బమ్ ‘హైబ్రిడ్ థియరీ’ మొదటిసారి పూర్తిగా విన్నాను. చిన్నతనంలో తాను పడిన హింస గురించి అతను బహిరంగంగానే చెప్పాడు. ఆ గొంతులో వినిపించేది ఆ నొప్పి. మా తమ్ముడు ఆ రోజు నాకు వినిపించాలనుకున్నది తనకు తోడు నిలిచిన గొంతును. నాకు పట్టింది మాత్రం అది ఏ కోవకు చెందుతుందన్న లెక్క.

అభిప్రాయాలు వదులుకున్నానని కాదు. ‘జస్టిస్’లో జేసన్ న్యూస్టెడ్ బాస్ దాదాపు వినపడకుండా చేయడం అన్యాయమే. 2003 నాటి మెటాలికా ఆల్బమ్ ‘సెయింట్ యాంగర్’లో స్నేర్ డ్రమ్ మోత నాకు ఇప్పటికీ మింగుడు పడదు. తొలి గాయకుడు ఆజీ లేని సబ్బత్ సబ్బతే కాదనేవాళ్లతో, రానీ జేమ్స్ డియో పాడిన 1980 నాటి ‘హెవెన్ అండ్ హెల్’ను అడ్డం పెట్టి ఇవాళ్టికీ వాదిస్తాను. కానీ ఇవన్నీ పూర్తిగా విన్నాక ఏర్పడ్డ ఇష్టాయిష్టాలు. అప్పట్లో నావి వినకుండానే ఇచ్చిన తీర్పులు.

మీ ఇంట్లో తమ్ముడో కూతురో ఇయర్‌ఫోన్ అందించి ఒక పాట వినమని అడిగితే, చివరిదాకా వినండి. నచ్చకపోతే ఆ తర్వాతే చెప్పండి.