పలక చూపించమనకండి

అంగన్‌వాడీ టీచరుకు అండగా ఉండాలనుకునే అమ్మానాన్నలకు, అవ్వాతాతలకు, సర్పంచులకు, సూపర్‌వైజర్లకు కొన్ని సలహాలు చెప్పాలని ఉంది. వినగానే తలకిందులుగా అనిపిస్తాయి. అయినా పాటించి చూడమని కోరుతున్నాను.

పిల్ల ఇంటికి రాగానే ‘ఇవాళ ఏం రాశావే?’ అని అడగకండి. మూడేళ్ల వయసుకి వేళ్లలో, మణికట్టులో పట్టు ఇంకా కుదరదు. మట్టి పిసుకుతూ, పూసలు గుచ్చుతూ, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, సుద్దముక్కతో నేలంతా గీతలు గీస్తూ ఉంటే మెల్లగా వస్తుంది. మన గుండ్రటి అక్షరాలకు ఆ పట్టు మరీ అవసరం. అది రాకముందే చెయ్యి పట్టుకుని దిద్దిస్తే పలకంటేనే విసుగు పుడుతుంది. ఈ సంగతి చాలామంది టీచర్లకు తెలుసు. తెలిసీ దిద్దిస్తున్నారంటే, ‘అక్కడ ఆటలే తప్ప చదువు లేదు’ అని మనం పిల్లను తీసుకెళ్లి కాన్వెంటులో ఎల్‌కేజీలో వేసేస్తామన్న భయం కొద్దీ.

ఇరవై దాకా అంకెలు గడగడా అప్పజెప్పినా అప్పుడే మురిసిపోకండి. ‘ఐదు చింతపిక్కలు ఇవ్వమ్మా’ అని చెయ్యి చాపి చూడండి. గుప్పెడు తీసి పోస్తుంది. అంకెల పేర్లు నోటికి రావడం ఒకటి, చివర పలికిన అంకే మొత్తం లెక్క అని తెలియడం ఇంకొకటి. ఈ రెండింటి మధ్య నెలలు పడుతుంది, కొందరికి ఏడాది పైనే. ‘నీకొకటి, నాకొకటి, రాముకొకటి’ అంటూ అన్నాల వేళ పళ్లేలు పంచితే ఆ తెలివి వస్తుంది. అందుకని పళ్లేలు పిల్లల చేతే పెట్టించే టీచరు దగ్గర భోజనం కాస్త ఆలస్యమైతే, దయచేసి గొడవ పడకండి.

గోలగా ఉన్న కేంద్రాన్ని చూసి టీచరుకు అదుపు లేదనుకోకండి. నాకైతే చేతులు కట్టుకు కూర్చున్న నాలుగేళ్ల పిల్లల్ని చూస్తేనే దిగులు. ఇద్దరు పిల్లలు ‘నేను డాక్టరమ్మ, నువ్వు జ్వరమొచ్చిన పాప’ అని వాదులాడుకుంటున్నారంటే, మాట పెంచుకుంటున్నారు, వంతు కోసం ఆగుతున్నారు, పట్టిన వేషానికి తగ్గట్టు తమను తాము అదుపులో పెట్టుకుంటున్నారు. పిల్లలు ఇలా వేషం కట్టి ఆడే ఆటలోనే తమ వయసుకు మించి ఎదుగుతారని రష్యాలో మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ 1930లలోనే చెప్పాడు. అంతకుముందే, 1920లో, వకీలు వృత్తి వదిలేసిన గిజుభాయి బధేకా భావ్‌నగర్‌లో బాలమందిరం పెట్టి కథలతో, ఆటలతో చదువు నడిపించాడు. చెప్పిన కథే మళ్లీ చెప్పమని పిల్లలు అడిగితే టీచరును పదోసారైనా చెప్పనివ్వండి. వాళ్లు వాక్యాలు పోగేసుకునేది అక్కడే.

ఇంగ్లీషు రైములు నేర్పమని ఒత్తిడి చేయకండి, ముందు ఇంటి భాష గట్టిపడనివ్వండి. భద్రాచలం ఏజెన్సీలో కోయ భాష మాట్లాడే పిల్లను కోయలోనే కబుర్లు చెప్పనివ్వండి. తెలుగు దాని మీద నిలబడుతుంది.

సూపర్‌వైజరమ్మా, మీకొక మాట. కేంద్రానికి వెళ్లగానే రిజిస్టర్లు తెరవకండి. ముందు చాప మీద పిల్లల మధ్య అరగంట కూర్చోండి. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబరు 2న మొదలైనప్పుడే పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, తల్లులకు సలహాలు, పూర్వ ప్రాథమిక విద్య అన్నీ ఒకే గూటికి చేర్చారు. ఆ భారంలో చాలా భాగం ఒక టీచరు, ఒక ఆయా మీదే. 2021లో ఫోనులో వివరాలు నింపే పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చింది, ఆ తర్వాత సరుకు ఇవ్వాలంటే ఫోనులో ముఖం సరిపోల్చడం వచ్చింది. సిగ్నల్ కోసం ఫోను పట్టుకుని వాకిట్లో తిరిగే టీచరు లోపల కథ ఎలా చెబుతుంది? ఆమె చేస్తున్న పనుల్లో గుడ్లు, బరువులు, హాజరు మీరు పైకి పంపే నివేదికల్లోకి ఎక్కుతాయి. పిల్లతో జరిపిన సంభాషణ ఏ గడిలోనూ పట్టదు. అందుకే దాన్ని మీ కళ్లతో చూడండి, బాగుందని ఆమెకు చెప్పండి. శిక్షణ అని రోజంతా హాల్లో కూర్చోబెట్టేకన్నా, బాగా ఆడించే మరో టీచరు దగ్గరికి ఒక పూట పంపండి.

చివరిది చాలామందికి రుచించదు. సమ్మె చేసి కేంద్రానికి తాళం వేస్తే ఆమెను తిట్టకండి, వెళ్లి శిబిరంలో పక్కన కూర్చోండి. 2018లో పెంచిన తర్వాత కూడా టీచరుకు కేంద్ర ప్రభుత్వం లెక్కగట్టిన గౌరవవేతనం నెలకు 4,500 రూపాయలే. మిగతాది రాష్ట్రాల దయ. గ్రాట్యుటీకి వీళ్లు అర్హులేనని సుప్రీంకోర్టు 2022లో తీర్పు చెప్పింది. అయినా దాని కోసం, జీతం కోసం ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు రోడ్డు మీద కూర్చోవాల్సి వచ్చింది, మధ్యలో ప్రభుత్వం సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం కూడా ప్రయోగించింది. ఇంట్లో అప్పులవాడు గుర్తొస్తుంటే, పదోసారి అదే కథ అడిగిన పిల్లకు ఓపిగ్గా చెప్పడం ఎవరివల్ల అవుతుంది?

సమ్మె లేని రోజుల్లో గుడ్ల ట్రేలు దించడం, బరువులు తూచే రోజున తల్లులను పిలుచుకురావడం, నీళ్లు పట్టడం ఊళ్లో ఎవరైనా చేయొచ్చు. వారానికి ఒక ఇంటివాళ్లు వంతు వేసుకోండి.