గాడిదకు దక్కిన మర్యాద

నన్ను మ్యూట్ చేసి ఇవాళ్టికి ఎనిమిది రోజులు. అన్నం సయిస్తోంది గానీ ఆ అవమానం మాత్రం అరగడం లేదు. "పోనిద్దురూ, పూటకోసారి అదే పారాయణమా" అని మా ఆవిడ విసుక్కుంటోంది. ఆవిడకేం? ఆ రోజు ఆవిడ పిల్లాడి ట్యాబ్‌లోంచి చేరింది. స్క్రీన్ మీద ఆవిడ పేరు "బన్నీ ఐప్యాడ్". బన్నీ ఐప్యాడ్‌ని ఎవరూ ఏమీ అనరు.

జరిగింది ఇంతే. గురువారం రాత్రి ఎనిమిది గంటల బైబిల్ స్టడీ. సంఖ్యాకాండం 22వ అధ్యాయం. బిలాము గాడిదెక్కి పోతున్నాడు. దారిలో దేవదూత కత్తి దూసి నిలబడ్డాడు. ప్రవక్తగారికి కనబడలేదు, గాడిదకు కనబడింది. అది దారి తప్పి పొలంలోకి పోతే కొట్టాడు, గోడకు ఒరిగితే కొట్టాడు, కూలబడితే మళ్లీ కొట్టాడు. అప్పుడు దేవుడు దాని నోరు తెరిస్తే, నేనేం చేశానని మూడుసార్లు కొట్టావని అడిగింది. మాకు వాక్యం చెప్పే అయ్యగారు అక్కడిదాకా వచ్చి మంచినీళ్లు తాగారు. సందు దొరికింది కదా అని నేను చెయ్యెత్తాను. సొంత చెయ్యి కాదు, జూమ్ వాడిచ్చిన పసుపు చెయ్యి.

"వందనాలు అయ్యగారూ. గాడిద మాట్లాడుతుంటే బిలాము ఆశ్చర్యపోకుండా, రోజూ మాట్లాడుకునేవాళ్లలాగా ఎదురు జవాబు చెప్పాడేమండీ? మన ఇంట్లో కుక్కర్ నోరు తెరిచి మాట్లాడితే మనం..."

కుక్కర్ దగ్గరే ఆగిపోయింది నా వాక్కు. మైకు బొమ్మ మీద ఎర్రగీత పడింది. "మంచి ప్రశ్న బ్రదర్, టైముంటే చివర్లో చూద్దాం" అన్నారు అయ్యగారు. చివర్లో టైము ఉండదు. ఎందుకుండదంటే, మాది ఉచిత జూమ్. రెడింగ్, లెస్టర్, మిల్టన్ కీన్స్, గ్లాస్గోల నుంచి ఇరవై మందిమి చేరతాం, అందరం ఉద్యోగస్తులమే, తలా ఒక పౌను వెయ్యడానికి మాత్రం నాలుగేళ్లుగా ప్రార్థనలో కనిపెడుతున్నాం. 40 నిమిషాలు కాగానే తెర పడుతుంది, లింకు మళ్లీ నొక్కి రెండో నలభై మొదలుపెడితే అదీ పడుతుంది. నోవహు కాలంలో వాన 40 రోజులు, మోషే కొండ మీద 40 రోజులు, ఇశ్రాయేలీయులు అరణ్యంలో 40 ఏళ్లు, జూమ్ 40 నిమిషాలు. ఆ లెక్క కట్టినవాడెవడో సండే స్కూలుకు వెళ్లినవాడే.

ఎర్రగీత పడ్డాక నేను చూసుకున్నది ఒకటుంది. జూమ్‌లో హోస్ట్ ఎవరి నోరైనా మూయగలడు. మన అనుమతి లేకుండా తెరవలేడు. మైకు పెట్టుకోండి బాబూ అని విన్నపం పంపగలడంతే, నొక్కాల్సింది మనమే. ఆ విన్నపం కోసం నేను అరగంట కాచుకు కూర్చున్నాను. దేవుడేమో గాడిద నోరు తెరిచాడు. మా హోస్ట్ బ్రదరేమో గాడిద గురించి అడిగినవాడి నోరు మూశాడు. పైగా బిలాము, కత్తి ఉంటే నిన్ను ఇక్కడే చంపేద్దును అన్నాడే గానీ, గాడిదను మాట పూర్తిచేయనిచ్చాడు. ఆ మాత్రం మర్యాద నాకు దక్కలేదు.

ఇక్కడ కొంచెం పక్కదారి పట్టాలి. గాడిదా పట్టింది కదా.

మాంచెస్టర్‌కు దక్షిణాన, చెషైర్‌లో హ్యాండ్‌ఫోర్త్ అని ఒక చిన్న ఊరు. దానికి అప్పట్లో ఒక పారిష్ కౌన్సిల్ ఉండేది, అంటే మన పంచాయతీ అనుకోండి. 2020 డిసెంబర్, కరోనా రోజులు, అందుకని సమావేశం జూమ్‌లో పెట్టుకున్నారు. మెంబర్లకూ మెంబర్లకూ ముందునుంచే పడదు. సమావేశం నడిపించడానికని ఆ జిల్లా స్థానిక కౌన్సిళ్ల సంఘం నుంచి జాకీ వీవర్ అనే ఆవిడ వచ్చి కూర్చుంది. చైర్మన్‌గారి దృష్టిలో అసలా సమావేశమే చెల్లదు. నీకిక్కడ ఏ అధికారమూ లేదు అని ఆవిడను పేరు పెట్టి మరీ గద్దించాడు. ఆవిడ వాదించలేదు, గొంతు పెంచలేదు, కళ్లజోడైనా సర్దుకున్నట్టు లేదు. వేలు కదిపింది. చైర్మన్‌గారు వెయిటింగ్ రూమ్‌లో తేలాడు. ఇంకొకాయన ఎర్రబడిపోయి, నిబంధనలు చదువు, చదివి అర్థం చేసుకో అని అరిచాడు. ఆయనా అక్కడికే చేరాడు. కతోలిక సోదరులకు పరలోకం ముందు ఆగే ఉత్తరించు స్థలమని ఒకటుంది, మనకు లేదు. ఆ లోటు జూమ్ తీర్చింది.

మా తాతగారి ఊళ్లో పంచాయతీ రసాభాస కావాలంటే ఎంత శ్రమ! కనీసం ఒక కుర్చీ గాల్లోకి లేవాలి, ఇద్దరి కండువాలు జారాలి, మూడు తరాల నాటి గట్టు తగాదా బయటికి రావాలి, చివరికి ఎస్సైగారు జీపు దిగాలి. జనం నెల రోజులు చెప్పుకునేవాళ్లు. ఇక్కడ సర్పంచి లాంటి మనిషిని ఒక ఆడమనిషి టీ తాగుతున్నంత తాపీగా గుమ్మం బయట కూర్చోబెట్టింది. ఇంతకీ ఆ చైర్మన్ తనను తాను క్లర్కుగా కూడా ప్రకటించుకున్నాడట. అలా పిలిపించుకోకుండా ఆయన్ను ఆపలేమని, అయితే ఇకమీదట తనను బ్రిట్నీ స్పియర్స్ అని పిలవండని జాకీ వీవర్ అంది. 2021 ఫిబ్రవరిలో ఆ వీడియో బయటపడి ఈ దేశమంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. నేను పదకొండుసార్లు చూశాను. చూసి ఊరుకున్నానా? ఆత్మీయంగా కాస్త ఉల్లాసంగా ఉంటుందని మా బైబిల్ స్టడీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. హోస్ట్ బ్రదర్ బొటనవేలు బొమ్మ పెట్టి, "ఉపయోగకరంగా ఉంది బ్రదర్, ప్రైజ్ ది లార్డ్" అన్నాడు. విత్తినవాడే పంట కోస్తాడని వాక్యంలో ఉన్న సంగతి నాకు మొన్నటిదాకా తట్టలేదు.

బ్రిట్నీ స్పియర్స్‌లకు మా కూటంలోనూ కొదవ లేదు. "గెలాక్సీ ఏ12 సిస్టర్, యోబు గ్రంథం తీయండి" అంటారు అయ్యగారు. "రెడ్‌మీ నోట్ బ్రదర్, ముగింపు ప్రార్థన చేయండి" అంటారు. రెడ్‌మీ నోట్ ఎవరో ఇప్పటికీ మాకు తెలియదు. మంచి ప్రార్థనాపరుడు, గొంతు చూస్తే గుంటూరు వైపు. మా ఆవిడైతే స్టడీలో ఉన్నంతసేపూ నన్ను "ఇందాక బ్రదర్ చెప్పినట్టుగా" అంటుంది. స్టడీ అయ్యాక, అంటే వంటగదిలోంచి హాల్లోకి వచ్చాక, బ్రదర్‌ను ఏమంటుందో ఇక్కడ రాయను.

నవ్వులాట పక్కన పెడితే, నన్ను నిజంగా గిచ్చేది ప్రార్థన మనవుల ఘట్టం. "ఒక సిస్టర్ కోసం ప్రార్థించండి, పేరు చెప్పకూడదు, లెస్టర్‌లో ఉంటారు, నర్సు, భర్తగారి వీసా పోయింది." ఇంకేం దాచినట్టు? లెస్టర్‌లో తెలుగు నర్సులందరికీ ఆ రాత్రే ఫోన్లు వెళ్లాయి. ఆ వీసా వార్త మిగతావాళ్లు ఆమెన్ చెప్పేలోపు విజయవాడ చేరింది, అత్తగారికి తెలిసింది. చివర్లో "అందరూ కెమెరాలు ఆన్ చేయండి, ఫోటో" అని ఒకరు. అది ఫేస్‌బుక్‌కు ఎక్కుతుంది. ఈ దేశపు చర్చిల్లో సేఫ్‌గార్డింగ్ అని ఉంటుంది, దానికో ఆఫీసరుంటారు. పిల్లల క్లాసు ఆన్‌లైన్‌లో పెడితే ఇద్దరు పెద్దలుండాలి, పిల్లలకు విడిగా చాట్‌లో మెసేజ్‌లు పెట్టకూడదు, అడక్కుండా ఫోటో తీయకూడదు. వీళ్లకు చాదస్తం ఎక్కువ అని మేం నవ్వుకుంటాం. ఆ లెస్టర్ సిస్టర్ మళ్లీ రాలేదు. ఆమె ఏ ఫోన్ పేరుతో వచ్చేదో కూడా మాకు గుర్తులేదు.

ప్రశ్న విషయానికి వస్తాను. మన సంఘాల్లో ప్రశ్న అడిగితే తిరుగుబాటు కింద జమ. యేసు పన్నెండేళ్లవాడు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వింటూ ప్రశ్నలు వేశాడని లూకా రాశాడు. వాళ్లు ఆశ్చర్యపోయారే గానీ పిల్లాణ్ని బయటికి పంపలేదు. నీకొదేము రాత్రిపూట వచ్చి, ముసలివాడు మళ్లీ ఎలా పుడతాడండీ అని అడిగాడు. నా కుక్కర్ ప్రశ్న కంటే అది ఏ రకంగా తెలివైనది? జవాబు దొరికింది, ఇశ్రాయేలుకు బోధకుడివై ఉండి ఇది తెలియదా అని చిన్న చురక కూడా దొరికింది. చురక నాకూ అభ్యంతరం కాదు. బెరయ ఊరివాళ్లయితే సాక్షాత్తు పౌలు చెప్పినదాన్నే, అవునా కాదా అని రోజూ గ్రంథాలు తిరగేసి చూసుకున్నారు. లూకా వాళ్లను మెచ్చుకుంటూ రాశాడు. మా దగ్గరైతే బెరయవాళ్లను గ్రూపులోంచి తీసేసేవాళ్లు.

ఈ కోపంలో ఉండగా మా తాతగారు తలపుకొచ్చారు. ఆయనది డోర్నకల్ పక్కన పల్లె. అజరయ్య బిషప్ గారి గురించి చెప్పేవారు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ సదస్సు జరిగింది. అప్పటికి ఆయన బిషప్ కాలేదు, అది 1912లో. ముప్పై అయిదేళ్ల తమిళుడు, డోర్నకల్ ప్రాంతంలో తెలుగువాళ్ల మధ్య పనిచేస్తున్నవాడు, అంతమంది తెల్ల దొరల ముందు నిలబడి, మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగాడు. కలిసి పనిచేస్తున్నాం గానీ మా ఇళ్లకు మీరు రారు, మీ ఇళ్లకు మమ్మల్ని పిలవరు అన్నది ఆయన బాధ. హాల్లో కొందరికి మింగుడు పడలేదు. తాతగారు ఈ కథ చెప్పినప్పుడల్లా ముగింపులో దొరలను తిట్టేవారు. నేనూ మొన్న అయ్యగారిని తిట్టుకోవడానికే దీన్ని బయటికి తీశాను.

తీశాక, పోయిన చలికాలం నాటి ఒక రాత్రి గుర్తొచ్చింది. గుర్తు రాకపోయినా బాగుండేది.

మా అయ్యగారు ఈస్ట్ హామ్‌లో ఉంటారు. పగలు వృద్ధాశ్రమంలో కేర్ వర్కర్. పన్నెండు గంటల షిఫ్ట్ చేసి, బస్సు పట్టుకుని ఇంటికొచ్చి, ఆ యూనిఫారం మీదే స్వెట్టర్ వేసుకుని మా ముందు కూర్చుంటారు. కాలరు అంచు కనబడుతుంటుంది. ఆ రాత్రి ఆయన అపొస్తలుల కార్యములు 20 చెబుతున్నారు. పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తే కిటికీలో కూర్చున్న ఐతుకు అనే కుర్రాడు నిద్రపోయి మూడో అంతస్తునుంచి పడ్డాడే, ఆ కథ. చెబుతూ చెబుతూ, "వినబడుతోందా?" అన్నారు. ఎవరూ పలకలేదు. ఎదురుగా పంతొమ్మిది నల్ల గళ్లు. "నెట్ పోయిందేమో... ఎవరైనా ఉన్నారా?" అన్నారు. నేనున్నాను. ఒక చెవిలో అయ్యగారు, రెండో చెవిలో క్రికెట్ కామెంటరీ, చేతిలో గరిటె. పలకాలంటే గరిటె దించి, చెయ్యి తుడుచుకుని, ఫోన్ అందుకోవాలి. ఇంకెవరో పలుకుతారులే అనుకున్నాను. పంతొమ్మిది మందిమీ అదే అనుకున్నాం. ఆయన ఒక్క నిమిషం స్క్రీన్‌కేసి అలా చూస్తూ కూర్చున్నారు. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకుని, ఐతుకు దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టారు. ఆ రోజు నా మైకు మీద ఎర్రగీత ఎవరూ పెట్టలేదు. నేను పెట్టుకున్నదే.

నిన్న మళ్లీ గురువారం. 23వ అధ్యాయం. గాడిద సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. రెండో నలభైలో, లింకు మళ్లీ నొక్కి అందరూ ఒక్కొక్కరే చేరుతుండగా, అయ్యగారు అలవాటుగా "వినబడుతోందా?" అన్నారు. కామెంటరీ ఆపాను. కెమెరా కూడా ఆన్ చేశాను. "వినబడుతోంది అయ్యగారూ" అన్నాను.

ఆయన స్క్రీన్ దగ్గరికి వంగి చూశారు. "ఎవరు బ్రదర్? కాస్త లైటు వేసుకోండి, మొహం కనబడటం లేదు."

నేను లైటు వెయ్యడానికి లేచేసరికి వెనక పొయ్యి మీద పప్పు ఉడుకుతున్నదల్లా గట్టిగా కూతపెట్టింది.

"ఆ మాట్లాడేదెవరు?" అన్నారు అయ్యగారు.

"కుక్కర్ అండీ."

"సరే, కానివ్వండి" అన్నారు. ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.