రాళ్లకు పేర్లు, మనుషులకు ఓడ టికెట్లు

స్కాట్లాండ్‌కు వాయవ్యాన లూయిస్ అనే దీవి. దాని ఒడ్డున పేరు లేని రాయి కోసం వెతకాలి. పోటుకు మునిగి ఆటుకు తేలే బండకో పేరు, గొర్రె జారిపడిన చరియకో పేరు, పడవ దూరే సందుకో పేరు. అన్నీ అక్కడివాళ్ల భాష గేలిక్‌లోనే. చేపల వేటకు వెళ్లినవాడు ఫలానా బండను ఫలానా ఇంటి పొగగొట్టంతో వరస కలిపి చూసుకుని, అక్కడ గాలం దించేవాడు. గురుతు తప్పితే ఆ పూటకు కూర ఉండదు. పొగమంచులో తప్పితే మనిషే ఉండడు.

ఇంతటి ఆస్తి కాగితం ఎక్కకపోతే ఎలా? 19వ శతాబ్దం నడిమికి సర్కారు పటాలు గీసే ఆర్డ్‌నెన్స్ సర్వే వారు కొలత గొలుసులతో, పేర్ల పుస్తకాలతో దిగారు. ఆ పుస్తకంలో ఒక గడి పేరుకు, ఒకటి దాని రకరకాల స్పెల్లింగులకు. మూడో గడిలో ఉంది కిటుకంతా: ఇది ఎవరు చెప్పారు? చెప్పడానికి అర్హులెవరో సర్వే వారు తర్వాత మొహమాటం లేకుండా రాసిపెట్టారు. భూస్వామి, ఆయన ఏజెంటు, పాస్టరు, బడిపంతులు. సన్నకారు రైతునూ గుడిసెవాణ్ణీ మాత్రం వాడుండే చోటి పేరు విషయంలో కూడా నమ్మకూడదట! న్యాయమే. ఆ బండ మీద జారి మోకాలు పగలగొట్టుకున్నవాడికి దాని సంగతేం తెలుసు? శిస్తు వసూలు చేసే దొరకైతే అన్నీ తెలుస్తాయి.

దొర అంటే గుర్తొచ్చింది. 1844లో ఈ దీవిని గంపగుత్తగా కొన్నాయన జేమ్స్ మాథెసన్. సొమ్మెక్కడిదంటారా? మన గడ్డ మీద పండిన నల్లమందును చైనాకు చేరవేసి గడించినది. 1851 నుంచి 1855 దాకా ఈయన ఎస్టేటు రెండు వేలమందికి పైగా రైతుకూలీ జనాన్ని కెనడా ఓడలెక్కించింది. ఇంచుమించు ఆ రోజుల్లోనే లూయిస్ మ్యాపులు అచ్చవుతున్నాయి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటాం కదా. ఇక్కడ సోమలింగం పేరు పటంలో భద్రంగా ఉంది, సోమలింగాన్నే అట్లాంటిక్ దాటించారు.

మిగిలినవాళ్ల నోటి సంగతి 1872 విద్యాచట్టం చూసుకుంది. అందులో గేలిక్ ఊసే లేదు. బళ్లో ఆ మాట దొర్లితే పిల్లల వీపు చిట్లేది.

ఇప్పుడు రోజులు మారాయి. 2005లో గేలిక్‌కు ప్రత్యేక చట్టమే వచ్చింది. పేర్లు సేకరించడానికి రికార్డర్లు వచ్చాయి, జీపీఎస్‌లు వచ్చాయి, గ్రాంట్లు వచ్చాయి. గుడిసె ముసలమ్మ మాటకు ఎట్టకేలకు విలువొచ్చింది. కాదనడానికి ఆ పేర్లు తెలిసిన ఇంకొకరు మిగల్లేదు కాబట్టి. లూయిస్ ఉన్న పశ్చిమ దీవుల్లోనే గేలిక్ మాట్లాడేవాళ్లు సగం లోపుకు పడిపోయారని 2022 జనాభా లెక్కలు చెప్పాయి. ఊరి వ్యవహారంలో ఈ భాష పదేళ్లలో కుప్పకూలవచ్చని 2020లోనే ఒక పరిశోధన మొత్తుకుంది.

పేర్లు సేకరించేవారి మీద నాకు కోపం లేదు. ఓపికతో, వానలో తడుస్తూ చేసే పని అది. కోపమల్లా వాళ్లకు డబ్బిచ్చి చేతులు దులుపుకునే పెద్దల మీద. ఒడ్డున ఇళ్లు వేసవి అతిథుల కోసం ముస్తాబవుతాయి, ధరలు ఆకాశంలో ఉంటాయి, ఊళ్లో పుట్టిన కుర్రజంట గ్లాస్గోకు మూట కడుతుంది. ఇంతకీ ఈసారి గ్రాంటు దరఖాస్తులో ఇంకో గడి గీయమనండి: ఈ పేరు తెలిసిన పిల్లలు ఉండటానికి ఈ ఊళ్లో ఎన్ని ఇళ్లు కట్టారు?