ఒకటీ పాయింటు రెండు సెకన్లు

రిటైరైన ఇంజినీరు ఊరికే కూర్చోలేడు. ఏదో ఒకటి కొలుస్తూ ఉండాలి. మా పాల్వంచలో ఇలాంటివాళ్ళకు కొదవ లేదు. థర్మల్ స్టేషన్ పుణ్యమా అని వీధికి ఇద్దరు ముగ్గురు తేలతారు. ఒకాయన పొద్దునా సాయంత్రం బీపీ చూసుకుని గోడమీది క్యాలెండర్లో రాసిపెడతాడు. ఇంకొకాయన డాబా మీద గిన్నె పెట్టి వాన కొలుస్తాడు. ముసురు పట్టిందంటే భద్రాచలం దగ్గర గోదావరి ఎన్ని అడుగులుందో గంటగంటకీ ఫోన్ చేసి చెబుతాడు, మనం అడక్కపోయినా. వీళ్ళంతా ఒక ఎత్తు, మా పక్కింటి డీఈ గారు ఒక ఎత్తు. ఆయన కొలిచేది తన చేతులు గాల్లోకి లేచి దిగడానికి పట్టే సమయాన్ని.

నాలుగేళ్ల కింద కొడుకు దగ్గర ఆర్నెల్లుందామని టెక్సాస్‌లోని ఫ్రిస్కో వెళ్ళారు. సాయంత్రం వాకింగుకు బయల్దేరితే తెలుగు చెవిన పడకుండా ఇల్లు చేరలేని ఊరది. అమెరికా గోల్ఫ్ ప్రొఫెషనల్ల సంఘానికి కేంద్ర కార్యాలయం కూడా అక్కడే ఉంది. వాళ్ళావిడకు మనవడితో పొద్దుపోయేది, ఈయనకు పోయేది కాదు. కొడుకు జాలిపడి ఓ ఆదివారం ప్రాక్టీసు మైదానానికి తీసుకెళ్ళి బుట్టెడు బంతులు కొనిచ్చాడు. బుట్టంతా అయిపోవచ్చింది. కొన్ని బంతులు పక్కకి పోయాయి, కొన్ని కాళ్ళ దగ్గరే ఉండిపోయాయి. కానీ చివర్లో ఒక్కటి, ఒకే ఒక్కటి, టక్కుమని తగిలి నిటారుగా లేచి పిట్టలా పోయింది. చేతికి తగిలినట్టే లేదండీ అంటారాయన ఇప్పటికీ. ఆ ఒక్క బంతి కాపురం కూల్చింది.

తిరుగు ప్రయాణంలో పెట్టెలో ఒక ఏడో నంబరు ఇనప కర్ర, రెండు డజన్ల బంతులు, బోలెడు జ్ఞానం వచ్చాయి. ఆ జ్ఞానమేమిటంటే, జాన్ నొవొసెల్ అనే అమెరికన్ 2004లో ఓ పుస్తకం వేశాడు. పేరుమోసిన ఆటగాళ్ళ వీడియోలు ముందేసుకుని, సెకనుకు 30 ఫ్రేముల చొప్పున లెక్కపెట్టాడు. కర్ర బంతి దగ్గర కదిలి పైకి చేరడానికి 27 ఫ్రేములు, పైనుంచి దిగి బంతిని తాకడానికి 9. కొందరికి 24కి 8, చురుకైనవాళ్ళకు 21కి 7. ఎవరి వడి వాళ్ళది, పాలు మాత్రం మూడుకు ఒకటి. వేగం వేరు, టెంపో వేరు. కోలాటం ఎంత వడిగా సాగినా తాళం తాళమే కదా, అలాగన్నమాట. ఈ ముక్క నాకు అర్థమయ్యేలా చెప్పడానికి డీఈ గారికి మూడు రోజులు, మా ఇంటి కాఫీ ఆరు గ్లాసులు పట్టింది.

27కి 9 అంటే మొత్తం ఒకటీ పాయింటు రెండు సెకన్లు. ఆ కాస్త సమయాన్ని దారిలో పెట్టలేక నాలుగేళ్లుగా మనిషి అవస్థ పడుతున్నాడు. నిజం మైదానంలో ఆడాలంటే గోల్కొండలో నయా ఖిల్లా దాకా పోవాలి. అందుకని ఇంటి వెనక ఖాళీ జాగాలోనే ఆట. ఫోన్లో మూడు చప్పుళ్ళు పెట్టుకుంటారు. మొదటిదానికి కర్ర లేవాలి, రెండోదానికి దిగడం మొదలవ్వాలి, మూడోదానికి బంతి ఎగరాలి. ఎగిరేది మాత్రం మట్టి. వీధి పిల్లలు చిర్రగోనె తాత అని పేరు పెట్టారు. ఆ కర్ర వల్ల ఇంతవరకూ నికరంగా లాభపడింది ఒక్క మొక్కజొన్న రైతు. దాన్ని చూసి కోతులు పారిపోతున్నాయని, సాయంత్రాలు మా చేనుకాడ ఆడుకోండి సారూ అని పిలిచాడు.

ఆ జాగాకు ఆనుకుని ఫిబ్రవరిలో మిర్చి ఆరబోస్తారు. తేజ రకం. ఓ పొద్దున డీఈ గారి బంతి ఏ కళనుందో బాగానే ఎగిరింది, వెళ్ళి కల్లంలో పడింది. అంత ఎర్రటి రాశిలో తెల్లటి బంతి వెతకడం ఎంతసేపు అనుకుంటాం. 46 గ్రాములైనా తూగదు గానీ, అంత ఎత్తునుంచి పడితే పైన ఆగదు, లోపలికి దూరుతుంది. ఈయన మోచేతుల దాకా రాశిలో పెట్టి దేవారు. మొదట తుమ్ములు. తర్వాత, ఏ బుద్ధిమంతుడూ చేయని పని, చెమట పట్టిందని కన్ను తుడుచుకున్నారు. రైతు నీళ్ళ బిందె మోసుకొచ్చి తలమీద కుమ్మరిస్తూ అన్నాడు: "రెండు తాలు కాయలు కనబడితేనే ఖమ్మం మార్కెట్ల ధర కోస్తరు సారూ. ఈ తెల్లది కనబడితే ఇంకేమంటరు?"

భద్రాచలంలో గోదావరి 43 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. వాళ్ళావిడ ఇంట్లో అదే పద్ధతి పెట్టారు. పూలకుండీ పగిలితే మొదటిది. దండెం మీద పట్టుచీర కింద పడితే రెండోది. మిర్చి కల్లం నాడు మూడోది జారీ అయింది, కర్ర వారం రోజులు బియ్యం డ్రమ్ము వెనక గడిపింది. డీఈ గారు ఆగారా? గొడుగుతో సాధన చేశారు. శ్రీరామనవమికి భద్రాచలం తీసుకెళితే, జనమంతా తలంబ్రాల వంక చూస్తుంటే ఈయన డోలు కొట్టే మనిషి చేతిపుల్ల వంక చూస్తూ పెదాలు కదుపుతున్నారు. జపం చేసుకుంటున్నారని పక్కనున్న ముసలమ్మ దణ్ణం పెట్టింది కూడా.

అసలు సంగతి మా అమ్మాయి పెళ్ళప్పుడు జరిగింది. వంటలకు జామాయిల్ మొద్దులు దించాం. కొట్టడానికి ములకలపల్లి వైపునుంచి ఒక మనిషి వచ్చాడు. బక్కపలచగా ఉంటాడు. గొడ్డలి నింపాదిగా, బరువు లేనట్టు పైకి పోతుంది. పైన రవంత ఆగినట్టే ఉంటుంది. ఆ తర్వాత మనకు కనబడేది రెండు చెక్కలే. డీఈ గారు గోడ మీదనుంచి చూసి కాఫీ కప్పు అక్కడే వదిలేశారు. ఫోన్ తెచ్చి వీడియో తీసి, ఒక్కో ఫ్రేమూ జరుపుతూ లెక్కపెట్టి, కేకేశారు. "ముప్పై! పది! మూడుకు ఒకటి! ఏమయ్యా, ఎక్కడ నేర్చుకున్నావు?"

"ఏంది సారూ నేర్చుకునేది, కట్టెలేగా?"

ఊరుకోవచ్చుగా. ఆయన్ని కూర్చోబెట్టి, వీడియో నిదానంగా తిప్పి చూపించి, ఇదిగో ఇక్కడ మణికట్టు, ఇదిగో ఇక్కడ నడుము, ఇక్కడ నువ్వు ఆగావు చూడు అని పాఠమంతా చెప్పారు. ఆయన ఓపిగ్గా విన్నాడు. లేచి గొడ్డలి ఎత్తాడు. పైన ఆగాడు. ఎంతసేపు ఆగాలో ఆలోచిస్తున్నట్టు మరికాస్త ఆగాడు. దెబ్బ మొద్దు అంచుకు తగిలి, గొడ్డలి జారి మట్టిలో దిగబడింది. రెండో దెబ్బా అంతే. మూడోదానికి పిడి ఊడింది. మధ్యాహ్నానికి సగం మొద్దులు అలాగే ఉన్నాయి. వంటమేస్త్రీ గోల భరించలేక గ్యాసు సిలిండర్లు తెప్పించాను. కూలీ మొత్తం డీఈ గారే ఇచ్చారు, అడక్కుండానే.

పది రోజుల తర్వాత ఆ మనిషి మళ్ళీ వచ్చాడు. నా దగ్గరికి కాదు. డీఈ గారి గేటు దగ్గర నిలబడి తలగోక్కుంటూ అడిగాడు.

"సారూ, మీరు చెప్పిన ఆ లెక్క గొడ్డలి ఎత్తంగనే యాదికొస్తాంది. అది పోవాల్నంటే ఏం చెయ్యాలె?"

డీఈ గారు గేటు తీసి, కుర్చీ వేసి, లోపలికి కేకేసి రెండు టీలు చెప్పారు.

"కూర్చోవయ్యా," అన్నారు. "నేనూ దానికోసమే తిరుగుతున్నా."