కప్పు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: యానాం అగ్రహారంలో ఒకరింటి అద్దాల బీరువాలో నీలి పూలతీగ చుట్టిన పింగాణీ కప్పు ఒకటుంది. పిడి లేదు. "ఫ్రెంచివాళ్ళ కాలం నాటిదిరా" అంటారు బామ్మగారు. "అమ్మితే ఎంతొస్తుందే?" అంటాడు మనవడు. వాళ్ళిద్దరి కోసమే ఈ ఆటవెలది. కర్త ఈ వ్యాఖ్యాతే గనుక పాఠభేదాల బెడద లేదు.

అడుగు జూడవలయు నంచు జూచుటకన్న
మెరుపు కన్న మన్ను మేలు గాదె
ముద్ర నమ్మువాఁడు ముంతలో మునుగును
కప్పు విప్పి చెప్పు కథలు వినుమ

ప్రతిపదార్థం: అడుగు = కప్పు కింది భాగమును; చూడవలయున్ = తిరగేసి, కళ్ళజోడు తుడుచుకొని చూడవలెను; అంచు చూచుటకన్నన్ = పెదవి ఆనెడు చోటు చూచి మురియుటకంటె; మెరుపు కన్నన్ = పైపూత నిగనిగకంటె; మన్ను = పూత అంటని వట్టి మట్టి; మేలు కాదె = నిజము చెప్పును గదా; ముద్ర = అడుగున రాసిన చక్రవర్తి పేరును; నమ్మువాఁడు = అనగా మనవఁడు; ముంతలో మునుగును = చెరువు దాఁకా పోనక్కరలేకయే మునుగును; కప్పు = ఈ పాత్రము; విప్పి చెప్పు కథలు = దాఁపరికము లేక చెప్పు సంగతులను; వినుమ = బేరమునకు ముందే వినుము.

తాత్పర్యం: కయోలిన్ అనే తెల్లమట్టి కలిపి సుమారు 1300 డిగ్రీల మంటలో కాలిస్తే పింగాణీ. పైపూత గాజులా కప్పేస్తుంది కాబట్టి అక్కడ వయసు తేలిగ్గా దొరకదు. కాని కప్పు ఆవంలో అతుక్కుపోకుండా అడుగున గుండ్రటి కట్టు మీద పూత తుడిచేస్తారు. ఒళ్ళు దాచుకోలేని చోటు అదొక్కటే. పూత ఆగి మట్టి మొదలయ్యే దగ్గర సన్నటి తుప్పురంగు గీత ఉందా? మట్టిలోని ఇనుము మంటకు తేలితే వచ్చేది అది. ఇసుక రేణువేదైనా అతుక్కుని ఉందా? అరుగుదల ఎలా ఉంది? వందేళ్ళు బల్లల మీదా గట్ల మీదా జరిగిన కప్పు ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ అరుగుతుంది. గీతలు అడ్డదిడ్డంగా ఉంటాయి. నిన్న ఉప్పు కాగితంతో రుద్దిన కప్పుకు గీతలన్నీ ఒకే దిక్కు.

వెలుతురుకు ఎత్తితే వెనక వేళ్ళు కనపడ్డాయని, గోటితో మీటితే కంగుమందని పొంగిపోకండి. అది పింగాణీ అని తేలుతుంది, అంతే.

ఇక ముద్ర. ఆరు చైనా అక్షరాలు, కుడి వరుస పైనుంచి కిందికి, తర్వాత ఎడమ వరుస. ఫలానా చక్రవర్తి ఏలుబడిలో చేసింది అని దాని భావం. కాంగ్షీ చక్రవర్తి 1722లోనే పోయాడు. ఆయన ముద్ర మాత్రం 19వ శతాబ్దం చివర్లో కూడా కప్పులెక్కుతూనే ఉంది. పూర్వులంటే గౌరవం కొంత, కొనేవాడంటే ఆశ కొంత.

శంక: ఫ్రెంచివాళ్ళ కాలం నాటిదంటే చాలదా?

సమాధానం: చాలదు. వాళ్ళు యానాం వచ్చింది 1723లో; పోయింది 1954లో. మధ్యలో ఏ యేడు కొన్నా బామ్మగారి మాట నిజమే.

విశేషం: దొంగ పాతదనం కొత్త విద్య కాదు. చైనా పింగాణీకి పుట్టినిల్లు జింగ్‌దెజెన్. అక్కడి గుట్టంతా దాంత్రెకోల్ అనే ఫ్రెంచి జెస్యూట్ పాదిరీ 1712లో ఉత్తరం రాసి బయటపెట్టాడు. కొత్త పాత్రల్ని మాంసం పులుసులో ఉడికించి, నెల రోజులు మురుగుకాలవలో పెడితే పురాతనమైపోయేవట! మురుగుకాలవకు మనకు కొదవ లేదు గాని, ఆ పులుసు మాట అగ్రహారంలో ఎత్తకపోవడం మర్యాద.

ధర విషయం. మింగ్ కాలపు కోడిబొమ్మ కప్పొకటి, అడ్డంగా 8.2 సెంటీమీటర్లది, 2014లో హాంకాంగ్ వేలంలో 28 కోట్ల హాంకాంగ్ డాలర్లకు పైగా పలికింది. కొన్నాయన అందులో టీ తాగాడు. మనవడు ఈ వార్త చదివే ఇంట్లో కప్పుకు ఫోటో తీశాడు. బామ్మగారి కప్పుకు వెంట్రుకవాసి బీట ఉంది. మీటితే కంగుమనదు, టక్కుమంటుంది. ధరలో సగం పైగా అక్కడే పోయింది. పైగా అడుగున ఎర్రటి ఇంగ్లీషు అక్షరాల్లో 'చైనా' అని ఉంది. సరుకు మీద దేశం పేరు ఇంగ్లీషులో ఉండి తీరాలని అమెరికా సుంకాల చట్టం పట్టుబట్టింది 1891 నుంచి. కాబట్టి కప్పు ఆ తర్వాతిదని లెక్క.

నిర్ణయం: వయసు వందేళ్ళకు అటూ ఇటూ, ధర స్వల్పం. వందేళ్ళు నిండాయని తేలితే మాత్రం 1972 నాటి పురావస్తువుల చట్టం అడ్డొస్తుంది. సొంతదారు దాన్ని దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న పెద్దమనవడి సూట్‌కేసులో ఊరగాయ పక్కన పెట్టి పంపే ఆలోచన బామ్మగారు మానుకోవాలని మనవి.