రెండు ఫేజులు

స్పిన్నింగ్ మిల్లులో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా 24 ఏళ్లు చేశాక నాకు మళ్లీ చదువు మీదికి గాలి మళ్లింది. మళ్లింది అనడం కంటే మా మేనేజరు మళ్లించాడనడం న్యాయం. "పవర్ ఎలక్ట్రానిక్స్, మోటార్ కంట్రోల్. అంతా ఆన్‌లైన్లోనే, 12 వారాలు. సర్టిఫికెట్ తెస్తే ఇంక్రిమెంటు సంగతి ఆలోచిద్దాం" అన్నాడు. చివరి మాట నాకు సరిగా వినబడలేదు.

మోటార్ల స్పీడు సర్దే డ్రైవులు నాకు కొత్తేం కాదు. ట్రిప్పయితే రీసెట్ నొక్కుతాం, మళ్లీ ట్రిప్పయితే తిట్టి నొక్కుతాం. సప్లై ఆపేసినా లోపలి కెపాసిటర్లలో 580 వోల్టుల దాకా నిలవుంటుంది కనక, మూత తీసేముందు కొన్ని నిమిషాలు ఆగమని స్టిక్కరుంటుంది. మా భాషలో దాని పేరు టీ టైం.

మేష్టారు మహా నింపాదిగా మాట్లాడేవారు. మా అబ్బాయి చూసి, "1.5 స్పీడులో పెట్టుకో నాన్నా, అందరం అలాగే వింటాం" అని నొక్కేసి వెళ్లాడు. ఆరోజు పాఠం ఏంటంటే, ఇండక్షన్ మోటారుకి ఫ్రీక్వెన్సీ పెంచినప్పుడు వోల్టేజీ కూడా పెంచాలి, లేకపోతే ఫ్లక్స్ పలచబడి టార్క్ పడిపోతుంది. మేష్టారి ఫ్రీక్వెన్సీ పెరిగింది గానీ నా వోల్టేజీ అంతే ఉంది. పావుగంటలో టార్క్ పడిపోయి నుదురు కీబోర్డుకి ఆనింది. లేచి చూస్తే నోట్సు నాలుగు పేజీల నిండా ఒకటే అక్షరం.

ఆరో వారంలో క్లార్క్, పార్క్ తగులుకున్నారు. ఏదో జంట కంపెనీ పేరనుకున్నాను. ఎడిత్ క్లార్క్ అమెరికాలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌కి తొలి మహిళా ప్రొఫెసరట. ఆవిడ పేరున్న లెక్క మూడు ఫేజుల్ని రెండు చేస్తుంది. రాబర్ట్ పార్క్ 1929లో చెప్పిన ఉపాయం తిరుగుతుండే ఆ రెంటినీ నిలబెడుతుంది. తిరునాళ్లలో కింద నుంచుని చూస్తే రంగులరాట్నం గుర్రాలు గిర్రున తిరుగుతాయి. ఎక్కి కూర్చుంటే పక్క గుర్రం కదలదు. అదీ సంగతి! అలా నిలబడ్డ కరెంటులో ఒక వాటా అయస్కాంతానికి, ఒక వాటా టార్క్‌కి. దేనికదే విడిగా సర్దుకోవచ్చు. ఇంత అందమైన విషయం పాలిటెక్నిక్‌లో ఎవరూ చెప్పలేదే అని బాధపడ్డాను. చెప్పే ఉంటారు, నేను మ్యాట్నీలో ఉండుంటాను.

"పార్కుకి తీసుకెళ్లమంటే మోకాళ్ల నొప్పులంటారు, అర్ధరాత్రి మాత్రం పార్కు పార్కని కలవరిస్తారు" అంది మా ఆవిడ.

అసలు కష్టం అసైన్‌మెంటు. కంప్యూటర్లో ఇన్వర్టరు కట్టి, మోటారుని 1000 ఆర్‌పీఎంలో తిప్పి చూపించాలి. ("కరెంటు పోతే దీంతో ఫ్యాను తిరుగుతుందట్రా?" అని మా అమ్మ ఆశగా అడిగింది.) నా మోటారు ముందుకి పొమ్మంటే మొండి గేదెలా ఉన్నచోటే గింజుకుంటోంది. కరెంటు గీత మాత్రం ఆకాశాన్నంటింది. గెయిన్లు మార్చాను, మోటారు రెసిస్టెన్సు మార్చాను, కుర్చీ కూడా మార్చాను. మూడు రాత్రులు గడిచాయి. మిల్లులో అయితే ఈపాటికి కాలిన వాసన వచ్చి విషయం తేలిపోయేది. కంప్యూటర్లో ఆ సదుపాయం కూడా లేదు.

మర్నాడు షిఫ్టులో నా మొహం చూసి మా వైర్‌మన్ ఏమైందని అడిగాడు. చెప్పాను.

"రెండు ఫేజులు మార్చి చూశారా సార్?"

"ఒరే, అది కంప్యూటర్రా. వెక్టార్ కంట్రోల్! వైర్లెక్కడుంటాయి అందులో?"

"ఏదైతే ఏంది సార్, మోటారే కదా" అని టెస్టరు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక, ఇన్వర్టరు నుంచి మోటారుకెళ్లే గీతల్ని తెర మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుకుంటూ వచ్చాను. ఏ-కి ఏ. బీ-కి సీ. సీ-కి బీ.

సరిచేసి నొక్కగానే మోటారు బుద్ధిగా వెయ్యికెళ్లి నిలబడింది.

పొద్దున్నే గేటు దగ్గరే ఎదురయ్యాడు. "తిరిగిందా సార్?"

"ఆఁ. ఏదో సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం" అన్నాను.